ఆ కాయితంలో ఆయప్ప యాడుండాడు?

పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం తిరుమలలో, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం చేసి ముగ్గురం బయటికి వచ్చాం. నేను, నాకంటే పదేళ్ళు చిన్నదైన ఒకమ్మాయి, వాళ్ళమ్మ. అమ్మాయికి ఆరు నెలలుగా నిద్ర లేదు. చదువు మధ్యలో ఆపేసింది. కొండకి తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తానని వాళ్ళమ్మ మొక్కుకుంది. అమ్మాయి వద్దనలేదు. గుండుకి గంధం పూసుకుని చెట్టు నీడలో కూర్చున్నాక, ఫోనులో ఒక ఫోటో తీసి నాకు చూపించింది. అది నేను రాసిన కాగితం ఫోటో.

“అక్కా, ఈ కాయితంలో నేనుండా. మిగతా ఆడోళ్ళంతా ఉండారు. ఆయప్ప యాడుండాడు?”

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న పట్టుకుని కొన్ని పాత గ్రంథాలను మళ్ళీ చదివే ప్రయత్నం. ఆ అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. తనని గానీ, ఆ చోటుని గానీ గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. మా ప్రాంతంలో ఒక చిన్న బౌద్ధ అధ్యయన బృందం ఉంది. నెలకోసారి కలుస్తాం. ఏడాదికోసారి పదిరోజుల ధ్యాన శిబిరం ఉంటుంది. నేను అందులో ఐదుగురు నిర్వాహకుల్లో ఒకదాన్ని. ఆ శిబిరంలో ఆచార్యుడు ఒక్కొక్కరినీ విడిగా గదిలోకి పిలిచి ధ్యానం ఎలా సాగుతోందో అడుగుతాడు. అలా పిలిచినప్పుడు ఆయన తనతో తప్పుగా ప్రవర్తించాడని ఈ అమ్మాయి నాతో చెప్పింది. నేను నమ్మాను. మిగతా నలుగురూ కూడా అబద్ధమనలేదు. ఆ రాత్రి కూర్చుని మాట్లాడుకుని ఒక కాగితం రాశాం. సాహిత్యంలో డాక్టరేట్ ఉందని రాసే పని నాకే అప్పగించారు. స్త్రీలు ఆచార్యుల గదికి ఒంటరిగా వెళ్ళకూడదు. చీకటి పడ్డాక ధ్యానమందిరం వైపు నడవకూడదు. స్త్రీల పడకలు వంటశాల పక్కకి మార్చడమైనది. ఈ విషయాన్ని బయట చర్చించరాదు. అమ్మాయిని మనశ్శాంతి కోసం ఇంటికి పంపాం. ఆటో ఎక్కించింది కూడా నేనే. ఆచార్యుడు మిగిలిన నాలుగు రోజులూ కరుణ గురించి ప్రవచనాలు చెప్పాడు.

ఆ రాత్రి మేం చాలా మంచిపని చేశామనే అనుకున్నాను. రక్షణ అన్న మాటకి నాకప్పటికి తెలిసిన అర్థం అదే.

తిరుమల నుంచి తిరిగొచ్చాక వినయపిటకం తీశాను. భిక్షువులకీ భిక్షుణులకీ ఉన్న నియమాల గ్రంథం అది. ప్రతి నియమానికీ ముందు ఒక కథ ఉంటుంది. ఎక్కడో ఎవరో ఏదో చేస్తారు, అది బుద్ధుడి దాకా వెళ్తుంది, అప్పుడు నియమం పుడుతుంది. నియమం మాత్రమే కంఠస్థం చేసి కథ వదిలేయకుండా రెండింటినీ కలిపి భద్రపరచడం నాకు ఎప్పుడూ గొప్పగా అనిపించేది. సాహిత్య విద్యార్థినిగా నేను ఆ కథల్ని ఇష్టంగా చదివాను. ఈసారి మాత్రం ఒక్క ప్రశ్నతోనే చదివాను. హాని చేసినవాడు ఈ నియమంలో ఎక్కడున్నాడు?

ముందుగా ఉప్పలవణ్ణ. సంస్కృతంలో ఉత్పలవర్ణ. బుద్ధుడి ఇద్దరు ప్రధాన శిష్యురాళ్ళలో ఒకరు, థేరీగాథల కవయిత్రి. శ్రావస్తి దగ్గర అంధవనంలో ఒక కుటీరంలో ఉండేది. ఆమె భిక్షకి వెళ్ళినప్పుడు ఒక యువకుడు కుటీరంలో దాక్కుని, తిరిగి రాగానే అత్యాచారం చేశాడు. ఆమె తోటి భిక్షుణులకి చెప్పింది. వాళ్ళు భిక్షువులకి, భిక్షువులు బుద్ధుడికి చెప్పారు. ఆమె సమ్మతి లేదు కాబట్టి ఆమె దోషం లేదని బుద్ధుడు తీర్పు ఇచ్చాడు.

రెండున్నర వేల ఏళ్ళ నాటి సంప్రదాయంలో సమ్మతి గురించి ఇంత స్పష్టమైన మాట ఉండటం మామూలు విషయం కాదు. దీన్ని చూసి బౌద్ధం స్త్రీల పక్షాన నిలబడిందని నేను కూడా ఒక సెమినార్‌లో పత్రం చదివాను. కానీ ఆ కథ గ్రంథంలో ఏ చోట ఉందో అప్పుడు పట్టించుకోలేదు. అది మొదటి పారాజిక నియమం కింద ఉంది. బ్రహ్మచర్యం తప్పినవారిని సంఘం నుంచి శాశ్వతంగా వెళ్ళగొట్టే నియమం అది. దాని కింద, తప్పు చేశారేమోనని అనుమానం వచ్చినవారి కేసులు వరసగా ఉంటాయి. ఉప్పలవణ్ణ కథ ఆ వరసలో ఒకటి. అంటే సంఘం ముందుకి వచ్చిన ప్రశ్న ఆమె తప్పు చేసిందా అన్నదే. ఆమెకి ఏమైంది అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఆమె నిర్దోషిగా బయటపడింది, నిజమే. కానీ ఆమె కథ నిందితుల దస్త్రంలోనే మిగిలింది.

తర్వాతి కాలపు ధమ్మపద వ్యాఖ్యానం ఇంకొంచెం ముందుకి పోతుంది. అత్యాచారం చేసినవాణ్ణి భూమి మింగేస్తుంది. ఇక వాడి గురించి ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. ఆ తర్వాత సంఘంలో చర్చ మొదలవుతుంది. దేని మీద? అర్హంతులైన వాళ్ళకి శరీర సుఖం తెలుస్తుందా తెలియదా అని. తామరాకు మీద నీటిబొట్టులా వాళ్ళకి ఏదీ అంటదని బుద్ధుడు జవాబు చెప్తాడు. ఆ జవాబు ఆమె గౌరవాన్ని నిలబెట్టడానికే కావచ్చు. అయినా ఆ చర్చంతటా కొలతకి నిలబెట్టింది ఆమె శరీరాన్నే. ఆమెకి భయమేసిందా, ఆ కుటీరంలోకి మళ్ళీ అడుగు పెట్టగలిగిందా అని అడిగినవారు ఆ కథలో లేరు. థేరీగాథల్లో ఆమె పేరున ఉన్న పద్యాల్లో దుష్టులకి భయపడనని మారుడితో చెప్పే ఘట్టం ఉంది. ఆ నిర్భయత్వాన్ని మనం ఎన్నోసార్లు పొగిడాం. కానీ భయపడని స్త్రీకి గాయం కాలేదని అనుకోవడం పాఠకులుగా మనం చేసే పొరపాటు.

వ్యాఖ్యాన కథ చివర, అడవిలో స్త్రీలకి ప్రమాదమని కోసల రాజు ప్రసేనజిత్తు నగరంలో భిక్షుణులకి నివాసం కట్టించాడు. అప్పటి నుంచి భిక్షుణులు అడవిలో ఉండలేదు. చుల్లవగ్గలో కూడా, అడవిలో ఉన్న భిక్షుణుల మీద దుండగులు అత్యాచారం చేస్తే, భిక్షుణులు అడవిలో ఉండరాదన్న నియమం వచ్చింది. అడవిలో ఏకాంతం ధ్యానానికి ఎంత ముఖ్యమో ఆ సంప్రదాయమే వందసార్లు చెప్తుంది. భిక్షువులకి అది మిగిలింది. స్త్రీలకి పోయింది.

భిక్షుణుల సంఘాదిసేస నియమాల్లో మూడోది చూడండి. పారాజిక తర్వాత అంత పెద్ద దోషాల వర్గం ఇది. ఒంటరిగా ఊళ్ళోకి వెళ్ళడం, ఒంటరిగా నది దాటడం, రాత్రి ఒంటరిగా బయట ఉండటం, గుంపు నుంచి వెనకబడటం, ఈ నాలుగూ భిక్షుణికి దోషాలు. నది దాటడం వెనక ఉన్న కథ ఇది. ఇద్దరు భిక్షుణులు నదిని దాటించమంటారు. ఇద్దరినీ ఒకేసారి ఎక్కించుకోలేమని పడవవాళ్ళు ఒక్కొక్కరినీ తీసుకెళ్తారు. ఇవతలి ఒడ్డున ఒకామె మీద, అవతలి ఒడ్డున ఇంకొకామె మీద అత్యాచారం జరుగుతుంది. గుంపు నుంచి వెనకబడటానికి కారణం కాలకృత్యం. ఆగిన భిక్షుణిని మనుషులు పట్టుకుంటారు. ఈ కథల్లో ఆ స్త్రీల మాటని ఎవరూ కొట్టిపారేయలేదు. నమ్మారు, నమోదు చేశారు. ఆ తర్వాత నది దాటడాన్ని దోషం చేశారు.

ఇక్కడ నా కాగితం నాకు కనిపించింది. చీకటి పడ్డాక నడవకూడదు. ఒంటరిగా వెళ్ళకూడదు.

అయితే ఇక్కడితో ఆగిపోయి, వినయం పితృస్వామిక గ్రంథం అని తేల్చేసి పుస్తకం మూసెయ్యడం నాకు న్యాయమనిపించలేదు. పడవవాళ్ళు సంఘంలో సభ్యులు కారు. అడవిలో దుండగులు కూడా కారు. వాళ్ళ మీద నియమం పెట్టే అధికారం సంఘానికి లేదు. తన చేతిలో ఉన్నవాళ్ళని మాత్రమే సంఘం కట్టెయ్యగలదు. చేతిలో ఉన్నది స్త్రీలు. ఇది సమర్థన కాదు, కారణం మాత్రమే. అందుకే నా తర్వాతి ప్రశ్న, హాని చేసినవాడు సంఘంలోనే ఉన్నప్పుడు ఇదే గ్రంథం ఏం చేసిందని.

ఉదాయి అనే భిక్షువు ఉన్నాడు. విహారం చూపించమని వచ్చిన ఒక బ్రాహ్మణుడి భార్యని తాకాడు. ఆమె భర్తకి చెప్పింది. ఆయన గొడవ చేశాడు. అప్పుడు వచ్చిన నియమం, కామంతో స్త్రీని తాకిన భిక్షువుకి సంఘాదిసేసం. స్త్రీలు విహారాలు చూడటానికి రాకూడదని కాదు. అదే ఉదాయి స్త్రీలతో అసభ్యంగా మాట్లాడితే ఇంకో నియమం. దానమిస్తానన్న స్త్రీతో, తనలాంటి శీలవంతుడికి శరీరాన్ని అర్పించడమే అన్ని సేవల్లోకీ గొప్ప సేవ అని చెప్తే మరో నియమం. ఈ చివరిది చదివి నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. గురుత్వాన్ని అడ్డం పెట్టుకుని అడగడం ఎంత పాతదో, దానికి పేరు పెట్టి దోషమనడం కూడా అంతే పాతది.

ఇంకొకటి. భిక్షువు స్త్రీతో ఏకాంతంలో కూర్చున్నప్పుడు ఏం చెయ్యాలన్నది అనియత నియమం. ఇక్కడా ఉదాయే. చూసింది విశాఖ, పిల్లలూ మనవలూ ఉన్న గృహస్థురాలు. ముందు ఆయనకే నేరుగా చెప్పింది. వినలేదు. అప్పుడు భిక్షువులకి చెప్పింది. నమ్మదగిన ఉపాసిక చెప్పిన మాటని బట్టి కూడా భిక్షువు మీద చర్య తీసుకోవచ్చని నియమంలోనే చేర్చారు. ఒక బయటి స్త్రీ సాక్ష్యం పురుషుల సంఘ నియమావళిలో భాగమైంది. 1992లో రాజస్థాన్‌లో భన్వరీదేవి మీద జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత కోర్టుకెళ్ళిన సంస్థల్లో ఒకదాని పేరు విశాఖ. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు ఆ పేరుతోనే నిలిచాయి. పేర్లు కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. నాకు మాత్రం ఇద్దరు విశాఖలూ ఒకే పని చేసినట్టు కనిపిస్తారు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. కొందరు భిక్షువులు భిక్షుణుల మీద బురదనీళ్ళు చల్లి, బట్టలు తొలగించి తమ శరీరాలు చూపించి, బూతులు మాట్లాడారు. అలాంటి భిక్షువుకి భిక్షుణులెవరూ నమస్కరించరాదని భిక్షుణీ సంఘం తీర్మానించవచ్చని బుద్ధుడు అనుమతించాడు. నూరేళ్ళ దీక్ష ఉన్న భిక్షుణి కూడా ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకి లేచి నమస్కరించాలన్నది ఎనిమిది గురుధర్మాల్లో మొదటిది. మనందరం ఆ నియమాన్ని ఎన్నోసార్లు విమర్శించాం. కానీ ఏ నమస్కారంతో స్త్రీలని కిందికి వంచారో, దాన్ని వాళ్ళంతా కలిసి వెనక్కి తీసుకోవచ్చన్న అధికారం కూడా అదే వినయంలో ఉందని మనం చెప్పుకోలేదు. అమరావతి శాసనాల్లో భిక్షుణులు దాతలుగా కనిపిస్తారు, కూతుళ్ళతో కలిసి దానమిచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ స్త్రీలు తమ సంఘాల్లో ఈ అధికారాన్ని ఎలా వాడుకుని ఉంటారా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

కాబట్టి వినయంలో రెండు రకాల రక్షణ ఉంది. ఒకటి ఆమె నడకని ఆపేది. ఇంకొకటి అతని చేతిని ఆపేది. మొదటిది చేసినవాడు బయట ఉన్నప్పుడు పుట్టింది, రెండోది లోపల ఉన్నప్పుడు. మా శిబిరంలో ఆచార్యుడు లోపలే ఉన్నాడు, మా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. మేం మాత్రం ఆయన్ని పడవవాడిలా, అడవిలో దుండగుడిలా, మా చేతికందని ప్రకృతి విపత్తులా చూసి ఆడవాళ్ళ పడకలు మార్చాం. సంప్రదాయంలో లేదని కాదు, ఉన్నదాంట్లో మాకు సులువైనది తీసుకున్నాం.

ఎందుకు తీసుకున్నామో కూడా ఒప్పుకోవాలి. మా బృందంలో ఎక్కువమంది అంబేద్కర్ దారిలో బౌద్ధానికి వచ్చిన దళిత కుటుంబాలవాళ్ళు. 1956లో నాగపూర్‌లో ఆయన వేసిన అడుగుని తమ ఊళ్ళో నిలబెట్టుకోవడానికి ఎన్నో మాటలు పడ్డవాళ్ళు. ఇది బయటపడితే అలుసైపోతాం, చూశారా వీళ్ళ బౌద్ధం అంటారని ఒక పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ భయం అబద్ధం కాదు. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు నాకు లేదు. కానీ ఆ భయం మొత్తాన్నీ మోయమని మేం ఇచ్చింది ఆ ఇరవైయేళ్ళ పిల్లకి. తను కూడా అదే కుటుంబాల బిడ్డ.

అంబేద్కర్ ఇలా చదవలేదు. 1951లో మహాబోధి పత్రికలో హిందూ స్త్రీ ఉత్థాన పతనాల గురించి రాసిన వ్యాసంలో, స్త్రీలని చూడకండి, మాట్లాడకండి అని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టున్న భాగాన్ని తీసుకుని, ఇది తర్వాతి భిక్షువులు చొప్పించిందని వాదించాడు. ఆ వాదనతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కానీ ఒక పద్ధతి అందులో ఉంది. ధమ్మాన్ని గౌరవించడమంటే గ్రంథాన్ని ప్రశ్నించకుండా మొయ్యడం కాదు. గ్రంథాన్నే ప్రశ్నించగలిగినప్పుడు ఆచార్యుణ్ణి ప్రశ్నించడం ద్రోహమెలా అవుతుంది?

అలుసైపోతామన్న భయం మన చిన్న ఊళ్ళకే పరిమితం కాదు. పాశ్చాత్య దేశాల్లో రిగ్పా అనే పెద్ద టిబెటన్ బౌద్ధ సంస్థ ఉంది. 2017 జూలైలో దాని స్థాపకుడు సోగ్యాల్ లకర్‌కి ఆయన దగ్గర ఎన్నో ఏళ్ళు ఉన్న ఎనిమిదిమంది శిష్యులు ఒక ఉత్తరం రాశారు. తాము చూసిన, అనుభవించిన హింసని అంశాల వారీగా చెప్పారు. 2018లో వెలువడిన స్వతంత్ర న్యాయవాదుల నివేదిక, కొందరు శిష్యులు తీవ్రమైన శారీరక, లైంగిక, మానసిక హింసకి గురయ్యారనీ, సంస్థలో కొందరు పెద్దలకి తెలిసి కూడా పట్టించుకోలేదనీ తేల్చింది. 2006 జనవరిలో మన అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చిన దలైలామా, 2018 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లో ఇలాంటి బాధితులు కొందరిని కలిశాడు. నన్ను ఆకట్టుకున్నది ఆ ఉత్తరం రూపం. ఎవరు, ఏం చేశారు అన్నది ముందుంది. వినయంలో నియమం ముందు కథ ఉన్నట్టే. మేం రాసిన కాగితంలో కథ లేదు. నియమమే ఉంది. కథ లేని నియమం చదివిన వాళ్ళకి, ఏదో తప్పు ఆడపిల్లలే చేసినట్టు అనిపిస్తుంది. అలాగే అనుకున్నారు కూడా.

ఇక మేం ఆ రోజు అన్నం తిన్న భవనానికి ఎవరి పేరుందో ఆమె గురించి. వెంగమాంబ పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి. గుర్రంకొండ దగ్గర తరిగొండలో పుట్టింది. బాలవితంతువు. వితంతువులకి చేసే శిరోముండనానికి ఒప్పుకోలేదు. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. 1817లో తిరుమలలోనే చనిపోయింది. జనంలో ఆమె గురించి రెండు కథలున్నాయి. ఒక పీఠాధిపతి తనకి నమస్కరించమంటే, ముందు ఆసనం దిగమని, ఖాళీ ఆసనానికి నమస్కరించిందని, అది కాలిపోయిందని ఒకటి. తిరుమలలో పొరుగు అర్చకుడు ఎంగిలి విస్తళ్ళు ఆమె చోటులో పడేసి వేధిస్తే, ఆమె తుంబురుకోనకి వెళ్ళిపోయి ఏళ్ళ తరబడి తపస్సు చేసిందని రెండోది. రెండో కథని మనం భక్తిగా చెప్పుకుంటాం. వేధించినవాడు ఇంట్లోనే ఉండగా వేధింపు పడ్డామె అడవికి వెళ్ళిందని చెప్పుకోం. ఉప్పలవణ్ణని అడవి నుంచి ఊరికి తెచ్చారు, వెంగమాంబ ఊరి నుంచి అడవికి వెళ్ళింది, మేం ఈ అమ్మాయిని ఆటో ఎక్కించాం. దిక్కులు వేరు. కదిలింది మాత్రం ప్రతిసారీ ఆమే. ఆసనం కథలో ఒక్కచోటే ఆమె కదలకుండా ఆయన్ని దిగమంది.

చట్టానికి ఈ తేడా తెలుసు. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, విచారణ జరుగుతుండగా బాధితురాలు రాతపూర్వకంగా కోరితే ఆమెనైనా, నిందితుడినైనా వేరేచోటికి మార్చమని కమిటీ సిఫారసు చెయ్యవచ్చు. కోరాల్సింది ఆమె. ట్రస్టులూ సొసైటీలూ ఆ చట్టం కిందికి వస్తాయి. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు కూడా వస్తారు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల ఫిర్యాదుకి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు చెయ్యాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. ఇవేవీ ఆ రాత్రి మా ఐదుగురిలో ఎవరం ఆ అమ్మాయికి చెప్పలేదు. తిరుమలలో ఆమె నన్ను అడిగేనాటికి ఆరు నెలలు దాటిపోయాయి. పోలీసు ఫిర్యాదు దారి ఇంకా ఉంది. వెళ్ళాలా వద్దా అన్నది తను నిర్ణయించుకుంటుంది. ఈసారి నేను సలహా ఇవ్వలేదు, నంబర్లు ఇచ్చాను, తోడు వస్తానన్నాను.

ఉగాది తర్వాత బృందం సమావేశంలో రెండో కాగితం పెట్టాను. ముందు కథ రాశాను, అమ్మాయి సరేనన్న మాటల్లోనే. ఆచార్యుడి పేరు రాశాను. ఆయన ఇకపై శిబిరాలు నడపకూడదని, విడిగా ఎవరినీ పిలవకూడదని, బయటి స్త్రీ ఒకరైనా ఉన్న కమిటీ విచారించాలని రాశాను. అది తేలేదాకా స్త్రీలం ఆయనకి నమస్కరించబోమని చివర రాశాను. పాత కాగితం నేనే రాశానని, అది తప్పని కూడా రాశాను. ఐదుగురిలో ఇద్దరం సంతకం పెట్టాం. ఆ రెండో సంతకం కళ్ళనీళ్ళు పెట్టుకున్న పెద్దాయనది. మిగతా ముగ్గురూ ఇంకా ఆలోచిస్తున్నారు.

కాగితం ఫోటో తీసి అమ్మాయికి పంపాను. తన జుట్టు కొంచెం పెరిగింది. “ఇప్పుడుండాడక్కా” అని ఒక్కమాట రాసింది.